పోయొస్తానమ్మా

మా కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పదిహేను రోజులు ఓరియంటేషన్ అని ఒకటి ఉంటుంది. ఒకప్పుడది ఉత్త నిద్రమాత్ర. పొద్దున ఛైర్మన్ గారి ఉపన్యాసం, తరవాత లైబ్రరీ రూల్సు, మధ్యాహ్నం పరీక్షల గురించి స్లైడ్లు. పిల్లలు కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాళ్ళు. ఒక స్టాఫ్ మీటింగులో నోరు ఊరుకోక, "ఇంతకంటే వాళ్ళను ఇంటికి పంపేస్తే పుణ్యం" అన్నాను. నోరున్నందుకు శిక్షగా ప్రిన్సిపాల్ గారు ఆ కోర్సు నాకే అంటగట్టారు.

నేను బెంగళూరు తెలుగుదాన్ని. ముత్తాతల కాలం నుంచీ మాది బొమ్మనహళ్ళి పక్కనే. మా ఇంటి తెలుగు వింటే ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలు నవ్వుకుంటారు. మావాళ్ళు "ఉన్నాను" అనరు, "ఉండా" అంటారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

స్లైడ్లన్నీ తీసిపారేశాను. పొద్దునపూట నైపుణ్యాలు: ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఫోన్లో ఎలా మాట్లాడాలి, మెయిల్ ఎలా రాయాలి, ఎదుటివాళ్ళు చెప్పేది ఎలా వినాలి. మధ్యాహ్నం ఆ నేర్చుకున్నదాన్ని తీసుకుని బయటికి సేవకు వెళ్ళడం. కొందరు సర్కారు బడికి, కొందరు కాలేజీ వెనక వీధిలో ఉన్న వృద్ధాశ్రమానికి. ఆశ్రమంలో చాలామందికి మతిమరుపు జబ్బు. అందుకని బోర్డు మీద రెండు సూత్రాలు రాశాను. ఒకటి, వాళ్ళ మాట దిద్దొద్దు, వాళ్ళు ఏ కాలంలో ఉంటే మీరూ అక్కడికి వెళ్ళండి. రెండు, బై అని చెయ్యూపి రావద్దు, కన్నడ పిల్లలయితే "హోగి బర్తీని" అనండి, తెలుగు పిల్లలయితే "పోయొస్తాను" అనండి. మనలో గడప దాటుతూ "పోతున్నా" అని ఎవరంటారు? అది అశుభం. రెండో సూత్రం రాసినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఏడు భీమవరం వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మొదటి వారంలోనే పెట్టె సర్దేసుకుని నా గదికొచ్చి నిలబడింది. "ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళే లేరండి, వెళ్ళిపోతానండి" అని ఒకటే ఏడుపు. ఆశ్రమంలో తెలుగు మాట్లాడే ముసలామె ఒకావిడ ఉందని తెలిసి, పిల్లను అక్కడ వేశాను. మొదటి రోజు నేనూ వెంట వెళ్ళాను. చిన్న గది. కిటికీ పక్కన మంచం, మంచానికి ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. పిల్ల గడపలో అడుగు పెట్టిందో లేదో, ముసలామె తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఏం పాపా, ఇంతసేపా? పోయొస్తా అని పోతివి. అన్నం సల్లారిపాయ."

పిల్ల బిత్తరపోయి నా వైపు చూసింది. మొదటి సూత్రం గుర్తుచేస్తున్నట్టు నేను తలూపాను. "ఆలస్యమైందండి" అంటూ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ రాత్రికే పెట్టె విప్పేసిందట, కాలేజీలో ఉండిపోయింది. ఓరియంటేషన్ అయిపోయినా ప్రతి బుధవారం మూడింటికి ఆశ్రమానికి వెళ్తూనే ఉంది.

దసరా సెలవులకు ముందు ఒకరోజు క్లాసులో హాజరు పిలుస్తున్నాను. అందరూ ప్రెజెంట్, ప్రెజెంట్ అంటున్నారు. ఆ పిల్ల వంతు వచ్చింది.

"ఉండా" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట మాదే, పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. కానీ ఆ గొంతు పద్దెనిమిదేళ్ళ పిల్లది కాదు. నవ్వినవాళ్ళ వైపు తిరిగి కూడా చూడకుండా ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రమే వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "మేడం గారూ, మా పిల్ల పండక్కి రానంటోందండి. మాటా మంచీ వేరేగా ఉంటోంది. నన్ను అమ్మా అనడం మానేసిందండి."

"మరేమని పిలుస్తోంది?"

"ఏమండీ అంటోందండి. పరాయిదాన్ని పిలిచినట్టు." ఆవిడ ఏడ్చేసింది.

మర్నాడు పిల్లను గదికి పిలిపించి, ఏమవుతోందమ్మా నీకు అని అడిగాను. ఏ మాత్రం తడుముకోకుండా చెప్పింది. "ఆమె చెప్పే ఇల్లు నాకు తెలుసు మేడమ్. ముందర మెట్లుండాయి. మూడో మెట్టు పగిలుండాది. ఆమె చెప్పకముందే తెలుసు నాకు." తన మాటల్లోకి ఈ "ఉండాది" ఎప్పుడు దూరిందో తనకు తెలిసినట్టు లేదు. "నేను పోకుంటే అన్నం ముట్టదు. కూతుర్ని కదా" అంది మళ్ళీ.

ఆశ్రమానికి పరుగెత్తాను. ముసలామెను చూసుకునే ఆయాను పట్టుకుని, ఈవిడ కూతురు ఎక్కడుంది, ఎందుకు రాదు అని నిలదీశాను.

"ఏం కూతురు మేడమ్?" అందామె. "ఈ ముసలజ్జికి పెండ్లే కాలేదు, పిల్లలేడొస్తారు? వచ్చినప్పటి నుంచీ ఆ కుర్చీ అట్లే ఏసుకోని కూసుంటాది. ఎవరికే అంటే, పాప పోయొస్తా అని పోయిండాది అంటాది. ఏ పాపో మాకూ తెల్దు."

నాకు కోపం వచ్చింది, నా మీదే. వాళ్ళున్న కాలానికి వెళ్ళమని బోర్డు మీద రాసినదాన్ని, అక్కణ్ణుంచి వెనక్కి ఎలా రావాలో ఒక్క ముక్క చెప్పలేదు. పిల్లను ఆ గదిలోకి నేనే తోశాను, నేనే బయటికి లాక్కురావాలి.

బుధవారం ఇద్దరం కలిసి వెళ్ళాం. దారిలో చెప్పాను, ఈసారి పోయొస్తా అనకూడదు, పోతున్నాను, మళ్ళీ రాను అని చెప్పాలి అని.

"ఆ మాట ఎట్లంటారు మేడమ్? అంటే ఆమె ఏమైపోతాది?"

"అనకపోతే నువ్వేమైపోతావో తెలుసా? మీ అమ్మకు నువ్వు కావాలి" అని కసిరాను. అంత కటువుగా అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పట్టపగలు. బయట హోసూరు రోడ్డు మీద బస్సులూ లారీలూ మోత మోగిపోతున్నాయి. ఆ గదిలోకి మాత్రం చిన్న చప్పుడు కూడా రాలేదు. పిల్ల కుర్చీలో కూర్చోలేదు, దాని వెనక నిలబడింది. కుర్చీ వీపు పట్టుకుని చెప్పింది.

"నేను వెళ్ళిపోతున్నానండి. మళ్ళీ రానండి."

అది భీమవరం గొంతు.

ముసలామె ఏడవలేదు, అరవలేదు. "అట్ల చెప్పల్ల పాపా" అంది మెల్లగా. "ఆ పొద్దే చెప్పింటే నేను ఇన్నేండ్లు కూసోనుంటినా?"

నాకు దుఃఖం ఆగలేదు. పిల్ల బయటికి పరుగెత్తింది. వరండాలో ఫోన్ పట్టుకుని "అమ్మా, అమ్మా" అని వెక్కుతున్న గొంతు వినబడింది. బతికాంరా దేవుడా అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని, గడప దగ్గర చెప్పులేసుకుంటూ, మాటలొచ్చినప్పటి నుంచీ అలవాటైన నోటితో అనేశాను.

"పోయొస్తానమ్మా."

ముసలామె మొట్టమొదటిసారి తలెత్తి చూసింది. నన్నే చూసింది. చెయ్యి చాచి ఆ కుర్చీని కొంచెం నా వైపు తిప్పింది.

"ఊఁ. బిన్నా రా పాపా, అన్నం సల్లారిపోతాది."

ఆ అమ్మాయి ఇప్పుడు మూడో సంవత్సరం చదువుతోంది. కొత్త పిల్లలకు వినడం నేర్పే క్లాసు తనే తీసుకుంటుంది, బ్రహ్మాండంగా చెబుతుంది కూడా. బోర్డు మీద మూడో సూత్రం ఒకటి చేరింది: మళ్ళీ రానప్పుడు వస్తానని చెప్పొద్దు. కోర్సు బాగుపడిందని స్టాఫ్ రూములో అందరూ నన్ను మెచ్చుకుంటారు.

నేను బుధవారం మూడింటికి క్లాసు పెట్టుకోను. పోతున్నా అని చెప్పేసి వచ్చేద్దామనే ప్రతి వారం వెళ్తాను. గడప దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆ పాత మాటే అంటుంది. పగిలిన మూడో మెట్టు సంగతంటే ఆ పిల్ల చెప్పగా విన్నాను. ఆ ఇంటి పెరటి తలుపుకు గడియ లేదని, రాత్రిళ్ళు రోకలి అడ్డం పెట్టి పడుకునేవాళ్ళమని నాకెవరూ చెప్పలేదు.