పై వాటా ఆంటీ గ్రీటింగ్ కార్డులు

గవర్నర్‌పేటలో మా పై వాటా ఆంటీ గ్రీటింగ్ కార్డులు స్వయంగా చేసేవారు. రబ్బరు స్టాంపుతో పువ్వు అద్ది, వాటర్‌కలర్ పెన్సిల్‌తో రంగు వేసి, తడి కుంచెతో పరిచేవారు. నేను కార్డు కావాలని వెళ్తే, కుంచె తడిపే ముందు మాత్రం "ఎవరికమ్మా?" అని తప్పక అడిగేవారు.

"అందరికీ అదే పువ్వు కదా ఆంటీ, ఎవరికైతేనేం?" అని వాదించేదాన్ని. నవ్వి కుంచె తడిపేవారు.

ఒకసారి కాలేజీ డిబేట్‌లో గెలవడం కోసం నా స్నేహితురాలి ఇంగ్లీషు ఉచ్చారణను ఎగతాళి చేశాను. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. క్షమాపణ కార్డు కావాలని ఆంటీ దగ్గరకు వెళ్లి, జరిగింది చెప్పాను.

ఆంటీ పువ్వు అద్ది, పెన్సిళ్లు నా వైపు జరిపారు.

"తప్పు నీది. రంగు నేనెందుకెయ్యాలి?"

నేను వేసిన రంగు గీత దాటి పాకింది. తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీమ్మా. మరీ నీట్‌గా ఉంటే నాతో చేయించావని తెలిసిపోద్ది."