ఏసోబు పెదనాన్న తాగలేదు

ఖమ్మంలో మా ఇంటి వెనక ఒక ఫంక్షన్ హాలు ఉంది. పెళ్లిళ్లు మొదలయ్యాయంటే వంటకట్టెలు చీల్చడానికి అక్కడికి ఒక చిన్న ట్రాక్టర్ వస్తుంది. దాని వెనక, మొదట్లో లావుగా ఉండి కొసకు వచ్చేసరికి సూదిలా సన్నబడే ఇనుప మర ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. మొద్దును దానికి ఆనిస్తే మర చుట్లు కొరుక్కుంటూ లోపలికి దిగుతాయి, మొద్దు ఫెళ్లున రెండుగా విచ్చుకుంటుంది. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి తలుపు తీసేసరికి పచ్చి తుమ్మమొద్దు చీలిన వగరు వాసన ఇల్లంతా నిండి ఉంది. గోడ మీంచి చూశాను. మొద్దు అందిస్తున్న మనిషి మెడలో తువ్వాలు తిరిగే మర మీదికి వేలాడుతోంది. మొద్దు మరతో పాటు తిరగకుండా ఆపే అడ్డుకమ్మీ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ట్రాక్టర్ సీటు ఖాళీగా ఉంది. బండి ఆపమని కేకేశాను. అతను నవ్వి, "ఏం కాదు మేడం, రోజూ చేసేదే" అన్నాడు. నేను గేటు దాటి వెళ్లి, వాళ్లు ఇంజన్ ఆపేదాకా అక్కడి నుంచి కదల్లేదు. వాళ్లకు నేను పిచ్చిదానిలా కనిపించి ఉంటాను. కనిపించనీ. "ఏం కాదు" అనే మాట నేను పదేళ్లప్పుడే విన్నాను, దాని వెనక ఏం జరిగిందో కళ్లారా చూశాను.

మా అమ్మ దవాఖానాలో నర్సు. ఆమెకు సెలవులు దొరికేవి కావు కాబట్టి నా సెలవులన్నీ జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న రూతమ్మ పెద్దమ్మ ఇంట్లోనే గడిచేవి. క్రిస్మస్ నెలలో అయితే పొద్దున్నే మంచు, పెద్దమ్మ వేసే అరిసెల పాకం వాసన, గోడలకు కొత్త సున్నం. ఎండాకాలంలో అయితే ఇప్పపూల మత్తువాసన, ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కలు, అడవి పల్లెల నుంచి ఆకుదొప్పల్లో తునికిపండ్లు పోసుకుని, వాళ్ల మాటల్లో వాళ్లు ఏదో చెప్పుకుని పడీపడీ నవ్వుతూ వచ్చే కోయ ఆడవాళ్లు. వాళ్ల మాట నాకు ఒక్కటీ అర్థమయ్యేది కాదు, అయినా వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని.

పెదనాన్న ఏసోబు ఊరి చివర కట్టెల అడితిలో గొడ్డలి పని చేసేవాడు. అడితి వెంకయ్యది. పొద్దున ఎనిమిదింటికి మొదలయ్యే ఆ గొడ్డలి చప్పుడు ఇంట్లో పెద్దమ్మకు గడియారం. చప్పుడు ఆగిందంటే ఆమె అన్నం గిన్నె సర్దేది. నేను వెంట వెళ్తే పెదనాన్న నేల మీద బొగ్గుముక్కతో ఒక గీత గీసి, అది దాటి రావద్దని చెప్పేవాడు; గొడ్డలి ఎత్తిన ప్రతిసారీ ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసుకున్నాకే దించేవాడు. గీత ఇవతల నేను బెరడు ముక్కలతో ఇళ్లు కట్టుకునేదాన్ని. ఆయన తండ్రి గుడుంబా తాగి తాగి పోయాడట. అందుకని పెదనాన్న సారా సీసాను ముట్టుకోకపోవడమే కాదు, ఇప్పసారా కాచే రోజుల్లో ఆ వాసన వచ్చే బాట వదిలి చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని మళ్లీ చెబుతున్నాను.

నాకు పదేళ్లొచ్చిన ఏడు వెంకయ్య ఖమ్మంలో లేత్ పని చేసేవాళ్ల దగ్గర మర చేయించి ట్రాక్టర్ వెనక బిగించాడు. తన పని పోతుందని పెదనాన్న కుళ్లుకోలేదు, ముచ్చటపడ్డాడు. మర కింద మందపాటి అడ్డుకమ్మీ ఉండేది. మొద్దు ఒక కొస దాని మీద ఆనేది, కాబట్టి మర ఎంత లాగినా మొద్దు తిరిగేది కాదు. తిరిగే ఇరుసు మీద రేకు కప్పు. సీటులో డ్రైవర్, కాలు క్లచ్ మీద. పెదనాన్న పనిలోకి దిగేముందు కండువా తీసి కొమ్మకు వేసేవాడు, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచేవాడు, మొద్దును రెండు కొసల దగ్గరే పట్టుకునేవాడు తప్ప మర మీదుగా చెయ్యి చాపేవాడు కాదు. కట్టె ఇరుక్కుంటే ఇంజన్ పూర్తిగా ఆగాకే దగ్గరికి వెళ్లేవాడు. నా బొగ్గుగీత మాత్రం ఇంకో పది బారలు వెనక్కి పోయింది.

పెళ్లిళ్ల గిరాకీ పెరిగింది. పెద్ద వేరుమొద్దులకు అడ్డుకమ్మీ అడ్డమొస్తోందని వెంకయ్య దాన్ని గ్యాస్‌తో కోయించేశాడు. చప్పుడు చేస్తోందని రేకు కప్పు ఊడదీయించాడు. సీటులో ఊరికే కూర్చోవడం దేనికని డ్రైవర్‌ను లారీకి కట్టెలెత్తే పనిలో పెట్టాడు. పెదనాన్న రెండుసార్లు వద్దని చెప్పాడు. రెండోసారి నేను అక్కడే ఉన్నాను. "ఏం కాదు ఏసోబూ, జల్దీ కానియ్" అన్నాడు వెంకయ్య.

ఆ మాటన్న నాలుగో రోజు, పొద్దెక్కుతుండగా, పెద్దమ్మా నేనూ అన్నం తీసుకుని వెళ్లాం. పెదనాన్న కణుపులున్న తుమ్మమొద్దును మరకు ఆనించాడు. మర దిగింది, కట్టె చీలలేదు. మొద్దు మొద్దంతా మరతో పాటు గిర్రున తిరిగి, పొడుగు కొస ఆయన కుడికాలి మీద కొట్టి ఆయన్ని అంత దూరం విసిరేసింది. ఇంజన్ ఆగలేదు. మొద్దు తిరిగిన ప్రతిసారీ నేలను దభీ దభీమని బాదుతోంది. డ్రైవర్ లారీ అవతల ఉన్నాడు, పిలిచినా వినపడలేదు. పెద్దమ్మ గిన్నె పడేసి, కొంగు నడుముకు చుట్టి, వెనక నుంచి కాకుండా ట్రాక్టర్ ముందువైపు నుంచి చుట్టి వెళ్లి ఇంజన్ ఆపే పిడి లాగింది. రోజూ చూస్తూ నేర్చుకున్నదే అది. ఆ తర్వాతే భర్త దగ్గరికి పరుగెత్తింది.

కాలు రెండు చోట్ల విరిగింది. ఆయన్ని ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లి మేమింకా తిరిగి రాకముందే ఊళ్లో ఒక మాట తిరిగింది: ఏసోబు తాగి మర మీద పడ్డాడట. చెప్పింది వెంకయ్య. నమ్మింది ఊరు. ఆయన పక్కన నిలబడి చర్చిలో పాటలు పాడినవాళ్లు, ఆయన చుట్టు తిరిగి ఇంటికి పోవడం ఏళ్ల తరబడి చూసినవాళ్లు నమ్మారు. కూలిపని చేసే మనిషి కాలు విరిగితే తాగాడనడం ఎంత తేలిక! కోసేసిన కమ్మీ తాలూకు మొండి అక్కడే, అందరి కళ్ల ముందే ఉంది, ఒక్కరూ వంగి చూడలేదు. దుకాణంలో నాతో ఆడుకునే పిల్లే "మీ పెదనాన్న తాగుబోతంట గదా" అని అడిగింది. దాని జుట్టు పట్టుకున్నాను. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు.

వారం తిరక్కముందే వెంకయ్య ఇంకో మనిషిని కుదిర్చాడు. పొద్దున వాళ్లు ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ మర ముందర మొద్దు వేసుకుని కూర్చుని ఉంది. వెంకయ్య మొదట నవ్వాడు, తర్వాత గద్దించాడు. పెద్దమ్మ గొంతు పెంచలేదు.

"నా పెనిమిటి తాగలే. కమ్మీ కోపిచ్చింది నువ్వు. అది అతికిచ్చేదాంక నేను ఈడికెళ్లి లేవ."

మొదటి రోజు ఒక్కతే కూర్చుంది. రెండో రోజు కట్టెలు మోసే ఆడవాళ్లు నలుగురు వచ్చి పక్కన చేరారు. మూడో రోజు వెల్డింగ్ మనిషి వచ్చాడు. కమ్మీ అతికాక కప్పు ఏదని అడిగింది, కప్పు వచ్చాక సీటులో మనిషేడని అడిగింది. మనిషి లేడంటే తానే కూర్చుంటానని, కూర్చుంది. అడితి ఉన్నన్నాళ్లూ ఆ సీటు పెద్దమ్మదే. ఆమె హయాంలో ఒక్కరికీ గీరుకోలేదు. పెదనాన్న మాత్రం మళ్లీ గొడ్డలి ఎత్తలేదు. వెంకయ్య తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు ఆ అడితి లేదు, ప్లాట్లయింది. పొద్దున్నే గొడ్డలి చప్పుడుకు లేచే ఇళ్లు లేవు, ఇప్పచెట్లు ఎక్కడో ఒకటీ అరా. పెదనాన్న కిందటేడు పోయాడు. మొన్నటి సంవత్సరీకం కూడికకు వెంకయ్య కూడా వచ్చాడు, ముసలివాడైపోయాడు. బంతిలో కూర్చుని పక్కవాడితో, మంచి మనిషే కానీ ఆ రోజు తాగకుండా ఉంటే బాగుండేదని నిట్టూర్చాడు. కూర వడ్డిస్తున్న పెద్దమ్మ గరిటె అలాగే పట్టుకుని ఆగింది.

"ఎంకయ్యా, గీ మంది ముందల చెప్పు. ఆయన తాగిండా?"

బంతి అంతా చేతులు ఆపింది. ఆయన తల దించుకుని, "లే" అన్నాడు.

"అందరికి ఇనవడాలె."

"తాగలే, రూతమ్మా."

పెద్దమ్మ ఆయన విస్తట్లో కూర వేసి తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్లింది. నాకు మాత్రం కోపం చల్లారలేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి ముప్పై ఏళ్లు పట్టిందా? ఆ ముప్పై ఏళ్లూ పెదనాన్న బతికే ఉన్నాడు కదా.