మంచం పక్కన కంప్యూటరు, గుమ్మంలో అత్తగారు

మొన్న ఒక మధ్యాహ్నం మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ నా చేతికిచ్చి, ఊరికే కూర్చోకుండా ఇందులో ఏదైనా ఆడుకో అమ్మా, డబ్బులు కట్టక్కర్లేదు, ఏదీ దించుకోనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు అంటూ నాలుగైదు ఆటలు చూపించింది. ఒకదాంట్లో నీళ్ళూ నిప్పూ మట్టీ గాలీ కలుపుకుంటూ పోతే లోకంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే పుట్టుకొస్తాయి. ఇంకోదాంట్లో పేజీని కిందికి జరుపుతూ పోతే సముద్రంలో ఎంత లోతున ఏ చేప తిరుగుతుందో కనిపిస్తుంది. నేను తిమింగలాల దాకా దిగి, అక్కడి చీకటి చూసి భయం వేసి పైకి వచ్చేశాను. అన్నీ బాగున్నాయి, మన వయసు వాళ్ళు కూడా సరదాగా చూడదగ్గవే. కానీ అమ్మాయి అటు వెళ్ళగానే నేను చేసిన పని, ఇరవయ్యేళ్ళ కిందట ఆడిన ఒక ఆట పేరు గుర్తు తెచ్చుకుని దానికోసం వెతకడం. పేజీ అయితే వచ్చింది గానీ, ఆట ఉండాల్సిన చోట బూడిదరంగు గడి ఒకటీ, ఇది ఇకమీదట నడవదని ఒక చిన్న వాక్యమూ ఉన్నాయి. ఆ రోజుల్లో అలాంటి ఆటల్ని నడిపించే సరంజామా ఏదో వేరే ఉండేదట, దాన్ని ఆపేశాక అలాంటి ఆటలు ఎన్నో మూగబోయాయట. ఎవరో పుణ్యాత్ములు కొన్నింటిని వెతికి దాచి పెడుతున్నారని కూడా అమ్మాయి చెప్పింది. నేను వెతికింది మాత్రం వాటిలో దొరకలేదు. ఆ బూడిదరంగు గడిని చూస్తూ కూర్చుంటే కొత్తపేట ఇల్లూ, నా మంచమూ, మా అత్తగారూ వరసగా కళ్ళముందుకు వచ్చారు.

పెళ్ళయ్యాక కొత్తపేటలో అడుగుపెట్టినప్పుడు ఆ ఇంటి పద్ధతులు నాకు మింగుడు పడడానికి చాలాకాలం పట్టింది. మా మామగారు వేదం చదువుకున్న మనిషి, నలుగురూ ఇంటికి వచ్చి ధర్మసందేహాలు అడిగి వెళ్ళేంత పెద్దమనిషి. ఆయన నోట పరుషమైన మాట వచ్చేది కాదు, రావలసిన అవసరమూ ఉండేది కాదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఏది చెయ్యకూడదో అందరికీ ముందే తెలుసు. మా అత్తగారు వీధిగుమ్మం దిగాలంటే ముందు ఆయన నడవాలి. ఆయన ఎటు నడుస్తారో ఆవిడ అటు వెళ్ళి, ఆయన తిరిగినప్పుడు తిరిగి రావడమే. నాకు మాత్రం మావారి పట్టుదలవల్ల కొంత వెసులుబాటు దొరికింది. రావులపాలెంలో ఒక బడిలో సోషలు చెప్పేదాన్ని. పొద్దున్న బస్సెక్కి సాయంత్రం బస్సు దిగేదాన్ని, మధ్యలో ఎక్కడా ఆగేదాన్ని కాదు. ఆ బస్సు కిటికీ పక్క సీటే నాకు లోకం.

పిల్లల విషయంలో నాకు రెండుసార్లు ఆశ పుట్టి నిలవకుండా పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు అమలాపురంలో డాక్టరమ్మ లోపల కుట్టు వేసి, ఇక కాన్పు దాకా మంచం దిగడానికి వీల్లేదని ఖచ్చితంగా చెప్పేసింది. బడి మానేశాను. వెనక గదిలో మంచం వేసి, కాళ్ళవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు. ఎడమపక్కకి తిరిగి పడుకోవాలి. అటు తిరిగితే కిటికీలోంచి పక్కింటి గోడా, ఆ గోడమీద పాచీ, ఒక కొబ్బరిచెట్టు మొదలూ కనిపించేవి. చెట్టు తల చూడాలంటే లేచి కూర్చోవాలి, నేను లేవకూడదు. మన తరం ఆడవాళ్ళకి ఇలాంటి పడకలు కొత్త కాదు, మీలో ఎంతమంది పడ్డారో నాకు తెలీదు గానీ, పడ్డవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఒళ్ళు నొప్పి కాదు బాధ. దగ్గు వచ్చినా భయమే, తుమ్మినా భయమే. కడుపులో ఉన్నది ఎప్పుడు జారిపోతుందోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చేదాన్ని. గదికి తలుపు తీసే ఉండేది, నాకు మాత్రం లోపల గడియ పెట్టినట్టే ఉండేది.

అన్నిటికన్నా కష్టం, నాకు చెయ్యవలసినవన్నీ మా అత్తగారే చెయ్యడం. మడి కట్టుకునే మనిషి, నన్ను ముట్టుకున్న ప్రతిసారీ మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకుని వంటింట్లోకి వెళ్ళేవారు. ఒక్కసారైనా విసుక్కోలేదు, అలా అని ఒక్క మంచిమాటా అనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మడి విడిచేసి, గది గుమ్మంలో పీట వేసుకుని విసనకర్రతో కూర్చునేవారు. నేను లేస్తానేమోనని కాపలా. ఆవిడ నన్ను చూసేవారు, నేను గోడని చూసేదాన్ని. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

నా ముఖం చూసి మావారికే భయం వేసిందేమో, తను పని నేర్చుకోవడానికి కొన్న కంప్యూటరుని చక్రాల బల్లమీద పెట్టి మంచం పక్కకి తోసి, నడవలో ఉన్న ఫోను నుంచి తలుపు మీదుగా తీగ లాగి, ఇంటర్నెట్టు కలిపారు. మౌసు కింద ఒక చిన్న ఇత్తడి పళ్ళెం బోర్లించి ఇచ్చారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్టు కలిపితే ఫోను పనిచేసేది కాదు. అందుకని ఆట దిగేదాకా కలిపి, దిగగానే లైను తీసెయ్యమని, దిగిన ఆట ఆ తరవాత కూడా ఆడుకోవచ్చని నేర్పించారు. ఒక్కొక్క ఆట దిగడానికి అన్నం ఉడికేంతసేపు పట్టేది. సగంలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి.

మొదట్లో చిన్నచిన్నవే. బుడగల కాగితం ఉండేది, నొక్కితే టప్‌మని పేలేవి. రంగురంగుల ఇసుక పైనుంచి ధారగా పడుతుంటే గీత గీసి ఆపడం ఉండేది. ఏమీ గెలవడం లేదు, ఓడడం లేదు, ఉత్తినే పోస్తూ కూర్చోవచ్చు. ఆ ఇసుక ధార చూస్తుంటే నా ఊపిరి నాకు తెలీకుండానే కుదుటపడేది. ఆ తరవాత దొరికింది గది ఆట. తెరమీద ఒక గది, దానికి తాళం వేసి ఉంటుంది. మంచం, బల్ల, బీరువా, గడియారం. ఒక్కొక్కదాన్ని నొక్కి చూస్తూ, దొరికినవి కలుపుకుంటూ, తాళంచెవి కనిపెట్టి బయటపడాలి. నేను రెండు రోజులు అదే గదిలో తిరిగాను. మూడోరోజు గుమ్మంలోంచి మాట వినిపించింది.

"ఆ తలగడ గలీబులో చూసేవా?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ అంతసేపూ నన్ను కాదు, తెరని చూస్తున్నారు.

"తలగడ కింద చూశానండీ అత్తయ్యగారూ."

"కింద కాదే, గలీబు లోపల. కింద ఎవరు పెట్టుకుంటారు, పక్క దులిపితే పడిపోదూ?"

గలీబు మీద నొక్కితే అగ్గిపెట్టె ఒకటి బయటపడింది. ఆవిడ పీట గుమ్మం ఇవతలికి జరిగింది. మరో రెండు రోజులకి మంచం పక్కకి వచ్చింది. ఇంకొన్నాళ్ళకి మౌసు ఆవిడ చేతిలోకి వెళ్ళింది. మొదట్లో దాన్ని పొయ్యిమీది మూత పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేవారు. మా ఇద్దరికీ అప్పుడే మాటలు పుట్టాయి. పుట్టింట్లో ఆవిడ చెట్లెక్కేవారని, సముద్రం ఒడ్డున అంతర్వేది తీర్థానికి వాళ్ళ నాన్నగారు తీసుకెళ్తానని మూడేళ్ళు చెప్పి, నాలుగో ఏట పెళ్ళి చేసేశారని, సముద్రం ఇంత దగ్గరలో ఉన్నా తను ఒక్కసారీ చూడలేదని ఆ ఆటల మధ్యలోనే చెప్పారు. జాలి పడమని చెప్పినట్టు కాదు, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పారు.

మొదటి గదిలోంచి మేం బయటపడ్డ రోజున తలుపు తెరుచుకుని, తెర తెల్లబడి, మీరు తప్పించుకున్నారు అని ఇంగ్లీషులో రెండు ముక్కలు వచ్చాయి. నేను చదివి చెప్పాను. ఆవిడ తెరవైపు ఇంకా చూస్తూనే ఉన్నారు.

"ఇంతేనా? బయట ఏవుందో చూపించరా?"

"ఇంతేనండీ, అయిపోయింది."

"ఇదేం ఆటే! ఇంత అవస్థపడి తలుపు తీస్తే, తీసేక ఏవీ లేదా?"

అయినా మర్నాడు మరో గది వెతికి పెట్టమన్నారు.

ఒక రోజు మామగారు రామచంద్రపురంలో ఎవరింట్లోనో కార్యానికి వెళ్ళారు. ఆ రోజు ఆడుతున్న ఆటలో ఒక గది దాటితే ఇంకో గది దిగాలి, అందుకని లైను తియ్యకుండా అలాగే ఉంచాం. సాయంత్రానికి ఆయన ఒక పెద్ద పండితుడిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. అతిథి వస్తున్నారు, వంట చెయ్యమని చెప్పడానికి మధ్యాహ్నం నుంచీ ఫోను చేస్తూనే ఉన్నారట. వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. గదిలోకి తొంగిచూస్తే, అత్తగారు నా మంచం పట్టెమీద కూర్చుని చేత్తో మౌసు పట్టుకుని ఉన్నారు. ఆవిడ పరుగున వెళ్ళి, స్నానం చేసి, వంట చేసి, వాళ్ళకి వడ్డించారు. అతిథి వెళ్ళాక ఆయన వచ్చి కంప్యూటరుకి లాగిన తీగ పీకి, చుట్ట చుట్టి తీసుకుపోతూ, "ఈ వయసులో చిన్నపిల్లలా బొమ్మలాటలు. రేపు ఆయన నలుగురిలో చెప్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. గొంతు పెంచలేదు. అత్తగారు తలవంచుకుని నిలబడ్డారు.

ఆ తరవాతి రోజులు నేను మరిచిపోలేను. మావారు తండ్రితో చెప్పి చూశారు, ఆయన విననట్టే ఊరుకున్నారు. అత్తగారి పీట మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది, ఈసారి ఆవిడ నావైపు కూడా చూడకుండా నడవవైపు తిరిగి కూర్చునేవారు. మునుపు ఆ గదిలో నేనొక్కదాన్నే బందీని అనుకునేదాన్ని. ఇప్పుడు తల తిప్పి ఆవిడ వీపు చూస్తూ పడుకుంటే ఇద్దరం అని తెలిసింది, అది ఇంకా ఊపిరాడనిచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం ఊరికే ఏడుపు మొదలై ఆగలేదు, ఏడ్చి ఏడ్చి పొట్ట బిగుసుకుపోయింది. ఆవిడ చెయ్యి వేసి చూసి, ముఖం పాలిపోయి, డాక్టరమ్మకి ఫోను చేశారు. మాత్ర వేసుకోమని, మనసు కుదురుగా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రానికి బిగువు తగ్గింది.

మర్నాడు మామగారు భోజనం చేస్తున్నారు. నా గదిలోంచి ఆ మూల కనబడదు, మాటలు మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి.

"ఏవండీ, ఆ తీగ ఇచ్చెయ్యండి."

"ఆ పిచ్చి ఆటల కోసమా?"

"ఆయ్, వాటికోసవేనండి. ఆ పిల్లని మంచం దిగొద్దన్నారు, దిగటం లేదు. నన్ను మీరు లేకుండా వీధిగుమ్మం దిగొద్దన్నారు, ఈ ఇంట్లోకి వచ్చిందగ్గర్నించీ దిగలేదు. మధ్యాహ్నం పూట ఇద్దరం కలిసి ఆ బొమ్మ గదిలోంచి బయటపడితే మీకొచ్చే నష్టం ఏవిటండీ?"

ఆ ఇంట్లో ఆయనతో ఎవరైనా అంత పొడుగు మాట మాట్లాడడం నేను అదే మొదలు వినడం. ఎడంపక్కకి తిరిగి, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకున్నాను.

"మజ్జిగ పొయ్యి" అన్నారాయన.

ఆవిడ పోశారు. అయిపోయింది అనుకున్నాను.

సంధ్య వార్చుకునే వేళకి కిటికీ బయట చప్పుడైంది. పక్కింటి గోడకీ మా గోడకీ మధ్య సందులోంచి ఎవరూ రారు. ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి, చుట్ట చుట్టిన తీగని కిటికీ గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. ముఖం కనబడలేదు. దాన్ని గురించి ఆయన ఆ రోజూ ఆ తరవాతా ఒక్క మాట అనలేదు. మేమూ అనలేదు.

అమ్మాయి నెల ముందే పుట్టింది. అమలాపురం ఆసుపత్రిలో దాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు, నాకు ఆపరేషను చేసి మళ్ళీ మంచానికే కట్టిపడేశారు. మామగారికి వంట ఎలాగ అని ఎవరూ అడగకముందే అత్తగారు నాతో వచ్చేశారు. పిల్ల గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పిన రోజు మధ్యాహ్నం, ఆవిడ మావారిని పిలిచి, "ఓడలరేవు సముద్రం ఇక్కడికి ఎంత దూరంరా?" అని అడిగారు. ఆయన వెళ్ళి ఆటో పిలుచుకొచ్చారు.

నేను ఆసుపత్రి పైకప్పు చూస్తూ వాళ్ళకోసం ఎదురుచూశాను. దీపాలు పెట్టే వేళకి వచ్చారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా తడిసి, ఇసుక అంటుకుని ఉన్నాయి, జుట్టు రేగిపోయి ఉంది. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"నువ్వూ రావలసింది," అన్నారు. కాసేపటికి, తనలో తను అనుకుంటున్నట్టు, "ఎంతసేపు నిలబడ్డా ఎవరూ పదమనలేదే" అన్నారు.

మామగారికి ఈ సంగతి మేం చెప్పలేదు. ఆవిడ మళ్ళీ ఎక్కడికీ వెళ్తానని అడగలేదు, ఆయన పోయాక వెళ్ళగలిగిన రోజుల్లో కూడా వీధరుగు దాటలేదు. తీసుకెళ్తానంటే, కాళ్ళ నొప్పులే, ఇప్పుడెందుకే అనేవారు. ఆవిడా పోయి చాలా ఏళ్ళయింది. నేను మంచం దిగిన రోజు ఇంటిల్లిపాదికీ పాయసం వండారు, బంధువులకి కబురు పంపారు. ఆవిడ ఓడలరేవు వెళ్ళొచ్చిన రోజు ఏ తిథో ఏ వారమో మాలో ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు మేం అమలాపురంలో ఉంటున్నాం. ఆటలకి ఫోను తీగలు అక్కర్లేదు, ఎవరి ఆట వాళ్ళ చేతిలోనే ఉంది, ఆడుతున్నవాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చునే వాళ్ళు లేరు. మా అమ్మాయి బయటికి వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్తుంది, అడిగి వెళ్ళదు. వస్తానమ్మా అన్న మాట నాకు చేరేలోపల బండి వీధి మలుపు తిరిగిపోతుంది. చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. నన్ను కూడా ఎక్కడికని అడిగేవాళ్ళు ఇప్పుడు ఈ ఇంట్లో లేరు. అయినా చెప్పులు వేసుకుని, తలుపు తీసి, వెనకనుంచి ఎవరైనా పిలుస్తారేమోనని గుమ్మంలో ఒక్క నిమిషం ఆగుతాను.