నల్లాను పెరట్లోకి తిప్పించిన మా అత్త

గత నెల ఒక ఉదయం బావ ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అన్నాడు. నేను ఆటో కోసం గొల్లపల్లి రోడ్డు మీద నిలబడి ఉన్నాను. అక్కడే ఏడ్చేశాను. మేనత్త అంటే నాకు అమ్మ తర్వాత అమ్మ.

కిడ్నీలు చెడిపోయాయని భద్రాచలం డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. ఆ జబ్బు ఎక్కడ మొదలైందో తనకు తెలుసనేది అత్త. చీకటి పడితేగానీ బయటికి వెళ్లే వీలులేక, పొద్దంతా నీళ్లు తాగకుండా నోరు కట్టుకున్న వయసులోనట.

మామయ్య పోయాక ఆమె కొన్నేళ్లు కువైట్‌లో ఒకరింట్లో వంట చేసింది. అక్కడ పనివాళ్లది తలా ఒక దేశం. ఫిలిప్పీన్స్ పిల్ల మగ్గు లేకుండా మరుగుదొడ్డికి వెళ్లేది కాదు. ఆ ఇంటివాళ్లకు గోడకు వేలాడే నీళ్ల పైపు ఉండాల్సిందే. ట్యూషన్‌కొచ్చే ఇంగ్లండ్ టీచరమ్మ కాగితం కనబడకపోతే కంగారుపడేది. ఈజిప్టు ఆవిడ ఆ కాగితాన్ని బుట్టలోనే వేసేది, వాళ్ల ఊళ్లో మురుగు గొట్టాలు పూడుకుపోతాయని. ఒకరిని చూసి ఒకరు ముక్కు మూసుకునేవాళ్లట. అత్త చేతులు తిప్పుతూ ఇదంతా చెప్పి నవ్వించి, చివర్న "మనిషిని చూసి నవ్వొద్దే. వాళ్ల ఊళ్లె పైపు ఎట్లుంటే అలవాటు గట్లనే ఉంటది" అనేది.

ఆమె కిష్టారం పక్కనున్న తన ఊరికి తిరిగొచ్చేసరికి ఇంటింటికీ పెరట్లో సర్కారు మరుగుదొడ్డి లేచింది. నీళ్లు మాత్రం లేవు. అందరూ అందులో కట్టెలు, ఇప్పపూల బస్తాలు పెట్టుకున్నారు. మీ జనానికి అలవాటు లేదని మీటింగులో పంచాయతీ సచివ్ అనేసరికి అత్తకు ఒళ్లు మండింది.

"బోరింగు కాడికెల్లి బిందె మోసుడు మీదైతే మీరూ అడివికే పోతరు సార్" అంది.

తర్వాత ఊళ్లోకి సోలార్ మోటారుతో నీళ్ల ట్యాంకు వచ్చింది. నల్లాలు ఇళ్ల ముందర, రోడ్డు పక్కన పెడతామని కాలువ తవ్వారు. అత్త పీట తెచ్చుకుని ఆ కాలువలో కూర్చుంది.

"నక్షాలో ముందరే ఉందమ్మా, లెయ్యి" అన్నాడు మేస్త్రీ.

"నక్షా గీసినాయన ఎన్నడన్న చెంబు మోసిండా? నల్లా ఎనకకు తిప్పు. అప్పుడు లేస్త."

తెలుగులో ఒకరు, దోర్లిలో ఒకరు, హిందీలో ఒకరు నచ్చజెప్పారు. ఆమె అన్నిట్లోనూ కాదంది. అన్నం అక్కడికే తెప్పించుకుని తింది. సాయంత్రానికి మిగతా ఆడవాళ్లు కూడా వచ్చి పీటలేసుకునేసరికి మేస్త్రీ దిగొచ్చాడు. మర్నాడు గడ్డపారలు పెరటివైపు తిరిగాయి.

అప్పట్నుంచి ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా గ్లాసు చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. "తాగు. ఇప్పుడేంది భయం?" అనేది. చివరి ఏడాది డాక్టర్లు ఆమెకే నీళ్లు కొలిచి తాగమన్నారు. తను గుటకతో సరిపెట్టుకుని, వచ్చినవాళ్ల గ్లాసు మాత్రం నిండుగా పోసేది.

పెద్దకర్మ నాడు ఎండ మండిపోతోంది. వెనకట ఇలాంటి పనికి పొరుగూరి నుంచి వచ్చిన ఆడవాళ్లు పొద్దుగూకేదాకా నోరు తడుపుకునేవాళ్లు కాదు. ఆ రోజు నేనే నీళ్లు పోస్తున్నాను. నాకు తెలియని ఒక ముసలావిడ గ్లాసు అందుకుని గటగటా తాగి, ఇంకోటి పొయ్యమంది. అదీ తాగి, పెరడు ఎటని అడిగి, కొంగు దోపుకుని నిదానంగా లేచింది.