పంటు మీద కారు కిందికి దూరిన మనిషి

కోటిపల్లి రేవులో కారును గోదావరి దాటించే పంటు ఎక్కించాక, అక్కడి రివాజు ప్రకారం మావారూ నేనూ దిగి నిలబడ్డాం. నెలలు నిండిన మా అమ్మాయిని మాత్రం కారులోనే ఉంచాం. దారంతా, వేగం పెంచితే చాలు, మావారి చేతుల్లో స్టీరింగు వణికిపోతోంది. చక్రాలకు రెండుసార్లు బ్యాలెన్సింగు చేయించినా తగ్గలేదు.

ఆ సంగతే మేం మాట్లాడుకుంటుంటే, సంచీ పట్టుకున్న ఎవరో పెద్దాయన విని దగ్గరికొచ్చారు. "ఎక్సలేటరు వదిలేస్తే వణుకు ఆగిపోతుందాండీ?"

"ఆయ్, ఆగిపోద్దండి," అన్నారు మావారు.

"అయితే చక్రాల తప్పు కాదండి," అంటూ ఆయన కారు కిందికి దూరారు.

రిపేరు షెడ్డువాళ్లు మనుషుల్ని పెట్టి బళ్లు చెడగొట్టిస్తారని మా తోడికోడలు చెప్పి ఉంది. నేను వంగి ఆయన చేతులకేసే చూస్తూ ఉన్నాను.

ఆయన లేచి గ్రీజు అంటిన వేళ్లు చూపించారు. "ఇరుసు లోపలి జాయింటు రబ్బరు చిరిగిపోయిందమ్మా. గట్టిగా తొక్కకుండా మెల్లగా పోండి. జాయింటు మార్పించేయండి."

"ఏ షెడ్డులోనండీ?" అన్నాను, దొరికాడనుకుంటూ.

"మీకు నమ్మకమున్న చోటేనమ్మా."

అవతలి రేవులో ఆయన ఎండలో నడిచిపోతుంటే, ఎక్కించుకుందామని మావారు కారు ఆపబోయారు. "పోనివ్వండి," అన్నాను.

అమలాపురం షెడ్డులో మేస్త్రీ ఆ జాయింటే మార్చాడు. వణుకు పోయింది. "ఇంత సరిగ్గా ఎవరు చెప్పేరండీ?" అని అడిగాడు.

"మావాళ్లేనండి," అన్నాను. మావారు నాకేసి తిరిగి చూశారు.