వేల్పుల గదిలో గుంజ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గదిలోకి మా మేనత్త కూడా వచ్చేది కాదు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి, పెళ్లయి వేరే ఇంటిపేరులోకి వెళ్లిందని గడప దగ్గరే ఆగిపోయేది. అది మా ఇంటి దేవుళ్లుండే వేల్పుల గది. మా ఇంటిపేరు వాళ్లు తప్ప ఎవరూ లోపల అడుగుపెట్టకూడదు. చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న మా పల్లెలో ఎవరూ ఇలాంటి వాటి మీద వాదులాడుకునేవారు కాదు.

ఒక ఏడు తొలకరికి ముందు ఆ గది దూలానికి చెదలు పట్టింది. పైన పెంకులు ఒకవైపుకు కుంగాయి. గోడకు ఇవతలే మా అమ్మ, పది రోజుల పసిగుడ్డు మా తమ్ముడు పడుకునేవారు. పురుడు తీరకుండా బాలింతను ఇంకో ఇంటికి పంపే ఆనవాయితీ లేదు. నాన్న బొగ్గు గనిలో పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు. ఊళ్లో మా ఇంటిపేరు మగవాళ్లు ఇంకెవరూ లేరు. వాన పడితే పెంకులు బరువెక్కుతాయి, దూలం విరిగితే గోడ పిల్లవాడి మీదే పడుతుంది.

నాయనమ్మ పాల్వంచ నుంచి ఒక వడ్రంగిని పిలిపించింది. ఆయన బయటికి పొడుచుకొచ్చిన దూలం కొసను సుత్తితో తట్టి చూసి, లోపల గుంజ నిలబెట్టాల్సిందేనన్నాడు. నాయనమ్మ మబ్బుల వైపు చూసింది, మా తమ్ముడి వైపు చూసింది. చివరికి గడప పక్కన కూలబడి, "పో అయ్యా, పోయి చెయ్యి. నా మనవడు బతకాలె" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నోరు తెరిస్తే నాలుగిళ్లకు వినబడే మనిషి. ఆమె ఏడవడం చూసి నాకు భయమేసింది.

ఆయన ఎత్తుకున్న పనిముట్ల సంచి మళ్లీ కింద పెట్టేశాడు. "గిట్ల ఏడ్సుకుంట పొమ్మంటే నేనెట్ల పోత, అవ్వా? నువ్వే చేస్తవ్. నేను గోడ ఇవతల నుంచి చెప్త" అన్నాడు.

నాకైతే నవ్వొచ్చింది. సుత్తి పట్టడం రాని ముసలామె దూలానికి గుంజ నిలబెట్టడమేమిటి?

ఆయన రెండు వెదురు కర్రలిచ్చాడు. రెంటినీ జత చేసి, ఒకటి నేలకు, ఇంకొకటి దూలానికి తాకేదాకా జరిపి, తాడుతో బిగించి బయటికి తెమ్మన్నాడు. అదే ఆయనకు కొలత. దానికంటే రెండు వేళ్లు తక్కువగా సన్నటి టేకు గుంజ కోసి గడప దాకా తెచ్చాడు. నాయనమ్మా నేనూ లోపలికి ఈడ్చుకెళ్లి నిలబెట్టాం. మిగిలిన రెండు వేళ్ల సందులో చెక్కముక్కలు కొట్టి బిగించాలి.

ఆయన మట్టిగోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. నాయనమ్మ పీట ఎక్కి సుత్తితో కొడుతుంటే చప్పుడు విని చెప్పేవాడు. "ఇంకా బోలు మోగుతుంది, ఎడమ దిక్కు కొట్టు. ఇంకొక్కటి. ఇగ చాలు." మధ్యలో గుంజ జారితే నేను కెవ్వుమన్నాను. ఆయన పరుగెత్తుకొచ్చి, గడప దగ్గర ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపి, "దెబ్బ తాకిందా, బిడ్డా?" అని అడిగాడు. లేదన్నాక మళ్లీ గోడ దగ్గరికి పోయాడు. గంటలో అయ్యే పనికి మధ్యాహ్నం దాటింది.

అంతా అయ్యాక నాయనమ్మ బయటికొచ్చి, "ఒక్కసారి లోపలికొచ్చి చూసి పో, అయ్యా" అంది. ఈసారి ఆమె ముఖంలో నవ్వుంది. ఆయన చెప్పులు విప్పి, గడప ఇవతల నుంచే వంగి చూసి, "మంచిగ నిలబెట్టినవ్, అవ్వా" అన్నాడు. మూడో రోజు కుండపోతగా వాన కొట్టింది. ఇల్లు కదల్లేదు, మా తమ్ముడు నిద్ర కూడా లేవలేదు.

తర్వాత నేను నర్సునై, భద్రాచలం చుట్టుపక్కల దవాఖానాల్లో ముప్పై ఏళ్లు కాన్పులు చేశాను. నొప్పుల్లో ఉన్న ఆడపిల్ల ఆపరేషన్‌కైనా, మగ డాక్టరు పరీక్షకైనా, దేనికైనా సరే అంటుంది. పక్కన అత్త ఉంటే ఇంకా తొందరగా అంటుంది. ఆమె సరే అన్నాక కూడా నేను ఆగి ఆమె ముఖం చూసేదాన్ని. ప్రాణం మీదికొచ్చిన రోజు ఆగలేదు, అబద్ధమెందుకు. మిగతా రోజుల్లో వేరే దారి ఉందేమో వెతికాను. చాలాసార్లు దొరికింది. ఆలస్యం చేస్తున్నానని నన్ను కసురుకున్నవాళ్లూ ఉన్నారు, కసురుకోనీ. ఏడుస్తూ సరే అన్న మనిషిని ఇంకోసారి అడగాలని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.