డబ్బా మీద పేరు

మయూర్ విహార్‌లో మా కింద ఫ్లాట్‌లో ఉండే పంజాబీ ఆంటీ ఇందిరాపురంలోని కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని తెలిసింది. మంచి కానుక ఒకటి ఇచ్చి తీరాలనుకున్నాను. నాకు ఆపరేషన్ అయినప్పుడు మావారు ఆఫీసు టూర్ల మీద తిరుగుతుంటే, నెల రోజులు మా ఇంటికి పప్పూ రొట్టెలూ పంపిన మనిషి ఆవిడ. నేనది మరిచిపోలేదని వెళ్లేలోగా ఆవిడకు తెలియాలి.

డ్రైఫ్రూట్స్ పెట్టె ఇచ్చేయమన్నారు మావారు. ఒళ్లు మండింది. దీపావళికి ఈ ఊళ్లో ఆ పెట్టెలు ఇల్లిల్లూ తిరిగి చివరికి ఇచ్చినవాళ్ల గుమ్మానికే వస్తాయి. ఆవిడ గోధుమపిండిని మూత పగిలిన ప్లాస్టిక్ డబ్బాలో పోసుకోవడం నేను చూశాను. అందుకని పెద్ద స్టీలు డబ్బా కొన్నాను. మా విజయనగరం వైపు గిన్నె కానుకిస్తే దాని మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కించడం ఆనవాయితీ. మా అమ్మ గిన్నె తిరగేసి, ఏది ఎవరు పెట్టారో చదివి చెప్పేది. నేనూ మా ఇద్దరి పేర్లూ చెక్కించి, సున్నుండలు సర్ది ఇచ్చి వచ్చాను.

మూడో రోజు ఆంటీ పైకి వచ్చింది. "లో బేటా, తుమ్హారా డబ్బా. లడ్డూ బహుత్ అచ్ఛే థే" అంటూ సున్నుండలు మెచ్చుకుని, నీ డబ్బా తీసుకోమని నా చేతిలో పెట్టి వెళ్లింది. తళతళలాడేలా తోమి ఉంది. లోపల ఆవిడ చేసిన పిన్నీలు, పంజాబీల గోధుమపిండి లడ్డూలు.

కోపం నషాళానికి అంటింది. "ఇచ్చింది తిప్పి పంపుతుందా? నా కానుక అంత చేదయిందా?" అని మావారి మీద అరిచాను. పాపం, మధ్యలో ఆయనేం చేశారు? మా అమ్మాయే డబ్బా తిప్పి చూపించింది. "మమ్మీ, ఇస్ పే తో హమారా నామ్ హై!" అంది. మా పేర్లున్న డబ్బా మాదేననుకుంది ఆవిడ. ఖాళీ గిన్నె పంపకూడదని నింపి మరీ తెచ్చింది.

వెంటనే మార్కెట్‌లో గిన్నెల దుకాణానికి వెళ్లాను. మా పేర్ల పైన పెద్దగా ఆవిడ పేరు చెక్కమన్నాను.

"నామ్ బోలియే, మేడమ్" అన్నాడు దుకాణదారు.

ఆ పేరే నాకు తెలియదు. తొమ్మిదేళ్లుగా ఆవిడ నాకు ఆంటీ. గుమ్మం పక్కన బోర్డు మీద ఉన్నది పోయిన అంకుల్ పేరు. నా ఫోన్‌లో 'కింద ఆంటీ'. ఆవిడ చేతి రొట్టె తిని లేచి తిరిగినదాన్ని, ఒక్కసారీ పేరడగలేదు. తల కొట్టేసినట్టయింది.

డబ్బా చంకన పెట్టుకుని తిన్నగా ఆవిడ ఇంటికే వెళ్లాను. ఆవిడ అట్టపెట్టెల మధ్య కూర్చుని ఉంది. ఈ డబ్బా తనదేనని, నా ఆపరేషన్ అప్పుడు తను చేసింది మరిచిపోలేక కొన్నానని వచ్చీరాని హిందీలో చెప్పాను. "ఆప్‌కా నామ్ క్యా హై, ఆంటీ?" అని అడిగాను.

ఆవిడ ఓ అట్టపెట్టె విప్పి పెన్ను తీసింది. తర్వాత ఒక కాగితం తీసుకుని, ఒక్కో అక్షరమూ పెద్దగా, నెమ్మదిగా రాసింది.

"బహుత్ సాల్ బాద్ లిఖా హై" అంటూ కాగితం నాకిచ్చింది. ఎన్నో ఏళ్లకు రాసిందట, తన పేరు.